మావయ్యగారి న్యూట్రల్

కొత్త కారు కొని వీధిలో పెడితే రంగు బాగుందనేవాడు ఒక్కడూ ఉండడు. పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి ప్లీడరుగారి దాకా అందరూ అడిగేది ఒకటే: “ఎంతిస్తుంది?”

మా మావయ్యగారు రిటైరయ్యాక ఈ ప్రశ్నకే అంకితమైపోయారు. ఉద్యోగమంతా రెవెన్యూలో చేసిన మనిషి కదా, కారు డాష్‌బోర్డు సొరుగులో ఓ రిజిస్టరు పెట్టారు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు రీడింగు రాస్తారు. చివర రిమార్కుల గడి ఉంటుంది. అందులో నా పేరు తరచు కనిపిస్తుంది: “అల్లుడుగారు గొల్లపూడి వరకు ఏసీ వేసినారు.”

ధనుర్మాసంలో ఓ తెల్లవారుజామున ఆయన కారు స్టార్ట్ చేసి, దిగి, సైలెన్సర్ వెనక గొంతుక్కూర్చున్నారు. గొట్టం చివర్నుంచి నీటి బొట్లు ఒక్కొక్కటే జారుతున్నాయి. అరచెయ్యి పట్టి, వాసన చూసి, నాకూ చూపించారు.

“చూశారా అల్లుడుగారూ! బంకువాడు నీళ్లు కలిపాడు. ఇదిగో సాక్ష్యం.”

బంకువాడి పాపమేమీ లేదు. పెట్రోలంటే ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్. కాలేటప్పుడు ఆ హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఇంజన్ వేడెక్కాక అది ఆవిరిగా పోతుంది కాబట్టి మన కంటపడదు. చలికాలం పొద్దున గొట్టం చల్లగా ఉంటుంది గనక అక్కడే బొట్లు కడుతుంది. ఇంతవరకు చెప్పి ఊరుకోవాల్సింది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లొస్తాయని కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. “అయితే వాటిని పట్టి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోవచ్చా?”

ఇక లాభం లేదని ఆటోనగర్ తీసుకెళ్లాను. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ విప్పడం రానివాడికి పిల్లనివ్వరని మావాళ్లంటారు. మేము వెళ్లేసరికి మేస్త్రి బోరుకొచ్చిన ఓ పాత ఇంజన్ హెడ్డు దించి ఉన్నాడు. పిస్టన్ నెత్తిన బొగ్గు పేరుకుపోయి ఉంది. మేస్త్రి దాన్ని గోకుతూ పాఠం మొదలుపెట్టాడు.

“నాలుగే పనులు సార్. పీల్చడం, నొక్కడం, కాల్చడం, వదలడం. సంపాదించేది కాల్చడం ఒక్కటే. మిగతా మూడూ దాని మీద పడి తినేవే.”

మావయ్యగారు నావంక చూశారు. నేను ఫ్యాన్‌బెల్టులు ఎక్కడ తగిలించారో పరిశీలించాను.

చాలామంది సిలిండర్లో పెట్రోలు పేలుతుందనుకుంటారు. నిజానికి అది మంట, కాకపోతే మహా తొందరపడే మంట. పెట్రోలు ఆవిరై గాలితో కలిశాక పిస్టన్ దాన్ని పైకి నొక్కుతుంది. పిస్టన్ పూర్తిగా పైకి చేరకముందే ప్లగ్గు నిప్పురవ్వ విసురుతుంది. మంట అంతటా పాకేసరికి పిస్టన్ సరిగ్గా కిందికి దిగే వేళవుతుంది. ముహూర్తం ఇంత కచ్చితంగా మనిళ్లలో ఏ పెళ్లికీ కుదరదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంటే ఇది సెకనుకు 80 సార్లు జరుగుతుంది.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. లీటరు పెట్రోలు కాలడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఆ గాలిలో మూడొంతులకు పైగా నైట్రోజన్. అది దాదాపు కాలదు, మంట పక్కన నిలబడి వేడెక్కుతుందంతే. వేడెక్కి వ్యాకోచిస్తుంది, పిస్టన్‌ని తోస్తుంది. అంటే కాలేది మనం కొన్న పెట్రోలు, తోపులాటలో పెద్ద వాటా ఊరికే వచ్చిన నైట్రోజన్‌ది. ఈ మాట వినగానే మావయ్యగారి ముఖం వికసించింది. ఉచితమన్నది ఏదైనా ఆయనకిష్టం.

ఆ వికాసం ఎంతోసేపు నిలవలేదు. వంద రూపాయల పెట్రోలు పోస్తే ఎటెటు పోతుందో మేస్త్రి వేళ్ల మీద లెక్కేశాడు. కాస్త అటూ ఇటూగా ముప్పై అయిదు రూపాయలు సైలెన్సర్లోంచి వేడిగా పోతాయి. మరో ముప్పై రేడియేటరు పట్టుకుపోతుంది. రాపిడి, ఆల్టర్నేటరు, ఏసీ కలిసి తమ వాటా తీసుకుంటాయి. చక్రానికి చేరేది ఇరవై, మహా అయితే పాతిక. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడైతే సున్నా.

ప్రభుత్వం ఖర్చుపెట్టే రూపాయిలో పదిహేను పైసలే పేదవాడికి చేరుతున్నాయని 1985లో రాజీవ్ గాంధీ అన్నారు. ఆ లెక్కన ఇంజనే నయమన్నాను. రెవెన్యూ మనిషి ముందు అనాల్సిన మాట కాదేమో, ఆయన దగ్గారు.

అసలు విషయం తిరుగు ప్రయాణానికి ముందు బయటపడింది. “నేను మాత్రం కనకదుర్గ ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసేస్తానోయ్ మేస్త్రీ. ఆ పల్లమంతా ఫ్రీ!” అన్నారు గర్వంగా.

మేస్త్రి గోకడం ఆపాడు. “కార్బొరేటరు బళ్లకైతే అదో లెక్క సార్. మీది ఇంజెక్షన్ బండి. పల్లంలో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసెయ్యండి, కంప్యూటరు పెట్రోలు మొత్తం ఆపేస్తుంది. చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండాలి కదా, అందుకని తాగుతూనే ఉంటుంది.”

ఇన్నేళ్లుగా ఆదా చేశాననుకున్నదంతా ఖర్చేనని తెలిశాక మావయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: “పోనీ, ఇంజనే ఆపేస్తే?”

మేస్త్రి చేతులు జోడించాడు. ఇంజన్ ఆగితే బ్రేకుకు ఊతమిచ్చే వాక్యూమ్ తరిగిపోతుంది, పెడలు రాయిలా బిగుస్తుంది. స్టీరింగూ మొరాయిస్తుంది. కింద లారీ ఉంటే మైలేజీ లెక్క వేసుకోవడానికి మనిషి మిగలడు.

కాబట్టి పాఠకులకు నా మనవి: ఘాట్ రోడ్డయినా, ఫ్లైఓవరయినా, దిగేటప్పుడు గేరు తియ్యకండి. ఇంజన్ ఆపకండి. పక్క సీట్లో మావయ్యగారుంటే, ఆయన ఎడమ వైపే కూర్చుంటారు గనక, కుడిచెయ్యి గేరు రాడ్డు మీదికి రాకుండా ఏ వేరుశనక్కాయల పొట్లమో అందులో పెట్టండి.