తాజు హోటలు వెనకముందులు: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఈ తాజు హోటలు ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ పెట్టి కట్టేశారట, అది చూసుకుని ఆ ఇంజనీరు పైనుంచి దూకేశాడట."

అవతారిక: మూలవాక్యాన్ని ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో పలికారో తెలిపే పీఠికను అవతారిక అంటారు. ఇక్కడ వక్త ముంబైలో కొంతకాలంగా కాపురముంటున్న బావ, శ్రోత ఊరినుంచి మొన్ననే దిగిన బావమరిది. స్థలం అపోలో బందరులో గేట్‌వే ఆఫ్ ఇండియా ముంగిలి. కాలం ఎలిఫెంటాకు పోయే లాంచీ ఇంకా కదలని ఆ అరగంట. వక్త హోటలు గడప తొక్కినవాడు కాడన్న మాట మూలంలో లేకపోయినా సందర్భాన్నిబట్టి గ్రహించవలసినదే, ఏలయనగా లోపల టీ తాగివచ్చినవాడు ముందు బిల్లు సంగతి చెప్పి, తీరిక ఉంటే కట్టడం సంగతి ఎత్తుతాడు.

ప్రతిపదార్థం: ఈ = ఎదురుగానే ఉన్నా లోనికి పోవడానికి చొరవ చాలని; తాజు హోటలు = జెమ్‌షెట్జీ నుస్సర్వాన్‌జీ టాటా కట్టించగా 1903 డిసెంబరు 16న తెరుచుకున్న, నడుమ ఎర్రని గుమ్మటంగల భవనం (దాని పక్కన 1973లో లేచిన బహుళ అంతస్తుల కట్టడాన్ని తాజు అని పిలవక తప్పదు గాని, ఫొటోలో అది పడకుండా జరిగి నిలబడేవారే ఎక్కువ); ముందు = సముద్రంవైపు అని వక్త తలపు; ఇంజనీరు = పేరు అడిగితే చెప్పలేని దొర; అట = సాక్ష్యం అడగరాదు.

పూర్వపక్షం, అనగా ఖండించడానికి ముందుగా ఎదుటివాని వాదాన్ని న్యాయంగా నిలబెట్టి చూపడం, ఇట్లుండును: శిల్పి నకాశా గీసి ఇంగ్లండుకు పోయాడు, తిరిగి వచ్చేసరికి మేస్త్రీలు దానిని తలకిందులుగా పట్టుకుని కట్టివేశారు, అవమానం భరించలేక అతడు ప్రాణం తీసుకున్నాడు. ఇందులో శోకముంది, హాస్యముంది, పెద్దవాళ్లూ పొరబడతారన్న తృప్తి అన్నిటికంటే ఎక్కువగా ఉంది. కథ నిలవడానికి ఇంతకుమించి ఏం కావాలి?

సిద్ధాంతం, అనగా విచారణ తరువాత నిలిచే పక్షం, వేరు. నకాశా గీసినవారు దొరలు కారు. సీతారాం ఖండేరావు వైద్య, డి. ఎన్. మీర్జా అనే ఇద్దరు స్వదేశీయులు. వైద్య 1900లో మలేరియాతో మరణించగా డబ్ల్యు. ఎ. చేంబర్స్ అనే ఆంగ్ల ఇంజనీరు పని పూర్తిచేశాడు గనుక దూకినవాడెవడూ లేడు. వెనకముందుల విషయానికి వస్తే, ఆనాడు గుర్రబ్బండ్లు నగరంవైపునుంచి రావలసినవి కాబట్టి పడమటి దిక్కున వాకిలి పెట్టడమే తెలివైన పని. గేట్‌వే 1924లో గాని పూర్తికాలేదు, అంటే బావ ఏ చోటున నిలబడి తప్పు పడుతున్నాడో ఆ చోటు హోటలు కట్టేనాటికి ఇట్లు లేనేలేదు. తరువాతి కాలంలో రాకపోకలు సముద్రంవైపుకు మారాయి, పాత వాకిలి ఉన్నచోట ఈతకొలను వచ్చింది. కనుక మూలవాక్యంలో పూర్వార్ధం శిల్పిమీద నిందగా అబద్ధమే గాని, నేటి చూపరి కంటికి నిజమే. పెరటిగుమ్మం వీధిగుమ్మమయిన ఇళ్లు తెలుగునాట బైపాసు రోడ్లు పడ్డ ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఈ మూలానికి అనుబంధంగా మరొక వాక్యం వినబడుతుంది: వాట్సన్ హోటల్లో తెల్లవారికే ప్రవేశమని టాటాను గుమ్మంనుంచే పంపివేయగా, ఆయన పంతంకొద్దీ తాజును కట్టించాడని. మీమాంసకులు దీనిని అర్థవాదమంటారు, అనగా విషయాన్ని నిరూపించక దాని గొప్పను మాత్రం పెంచే మాట. చరిత్రకారులు పలువురు దీనిని నమ్మరు. 1896లో ప్లేగు వచ్చి బొంబాయి పేరు చెడినప్పుడు నగరం పరువు నిలిపే హోటలొకటి కావాలని ఆయన తలచాడనడమే సబబుగా కనబడుతుంది. అయినా ఎవరో గెంటివేస్తే కట్టినదన్న కథముందు జర్మనీ లిఫ్టులు, అమెరికా పంకాలు, టర్కీ స్నానశాలలు తెప్పించిన వ్యాపారి లెక్కలు ఏ చెవికి ఎక్కుతాయి? వాట్సన్ హోటలు ఇనుప కట్టడం మాత్రం కాలాఘోడా దగ్గర శిథిలావస్థలో ఇంకా నిలిచే ఉంది.

నిజమైన జ్ఞాపకాలకు కొరత ఉన్నచోట కల్పన పుట్టడం సహజం గాని ఇక్కడ కొరత లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే భవనం 600 పడకల ఆసుపత్రి అయింది. హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు బొంబాయి వచ్చినప్పుడు ఏళ్ల తరబడి ఇక్కడే మకాం పెట్టి, దేశనాయకులకు దర్బారు ఇచ్చింది. ఖద్దరు ఉద్యమానికి పాలరాతి మెట్లు అడ్డురాలేదన్నమాట. ఉగ్రవాదులు ఈ హోటలుపై దాడిచేసిన 2008 నవంబరు 26 రాత్రి గురించి టీకాకారుని పరిహాసం చెల్లదు. అతిథులను వెనక దారులగుండా బయటికి పంపుతూ ప్రాణాలు విడిచిన వంటవారు, పనివారు ఉన్నారు. పాత భవనం 2010 ఆగస్టు 15న తిరిగి తెరుచుకుంది. దూకని ఇంజనీరును తలచుకునే బావ వీరిని తలచుకోకపోవడం ఈ మూలంలోని పెద్ద లోపం.

విశేషాంశం: 2017లో ఈ భవనం రూపానికి ట్రేడ్‌మార్కు లభించింది, అనగా వ్యాపారానికి ఆ బొమ్మ వాడుకోదలచినవారు అనుమతి పొందాలి; దేశంలో ఒక కట్టడానికి ఈ హోదా దక్కడం ఇదే మొదలు. బావమరిది సెల్ఫీకి ఈ నియమం వర్తించదు.

తాత్పర్యానికి ముందు ఒక ఆక్షేపణ. "ఆ రోజుల్లో గది పదమూడు రూపాయలేనట" అని బావ నిట్టూర్చడం కద్దు. పంకా, స్నానాలగది సహితంగా రోజుకు 13 రూపాయలన్నది మొదట్లో ఉన్న ధరే గాని, నాటి కూలికి అది నెలంతా తట్ట మోసినా చేతికి రావడం కష్టమైన సొమ్ము. బొంబాయిలో ఇళ్లు కట్టడానికి తెలంగాణనుంచి పోయిన కామాఠీలు ఒక పేటకు తమ పేరు ఇచ్చారు, కామాఠీపుర అదే. తాజు కథల్లో శిల్పి ఉన్నాడు, దొర ఉన్నాడు, మేస్త్రీ సైతం నకాశా తిరగేసేపాటికి ఉన్నాడు. తట్ట మోసినవారు ఏ పాఠంలోనూ కనబడరు.

తాత్పర్యం: లాంచీ ఆలస్యమైనదని భావము.