మా ఆవిడ నోట నా రోగం

ఊరు నెల్లూరు, కాపురం చెన్నైలోని మనలి. 1965లో మద్రాస్ రిఫైనరీస్ పేరుతో పుట్టిన కంపెనీ గొట్టాల నీడలోనే మా వీధి. ఏళ్లు గడిచినా నా తమిళం టీకొట్టు దాటలేదు. ఒంట్లో బాగున్నన్నాళ్లూ అదొక లోటనిపించదు. జ్వరమొస్తేనే నేను పరాయి రాష్ట్రం వాడినని గుర్తొస్తుంది.

నాలాగే ఆంధ్రా నుంచి వచ్చింది 108 అంబులెన్సు. మన దగ్గర 2005లో మొదలై 2008లో తమిళనాడు చేరింది. వచ్చీ రాగానే తమిళం మాట్లాడేసింది. ఇక కార్డుల సంగతి. ఇక్కడి ముఖ్యమంత్రి ఆరోగ్య బీమాకి తమిళనాడు రేషన్ కార్డు కావాలి. నాది మా ఊరి తెల్లకార్డు. 2019లో చెన్నైలోనూ కొన్ని ఆస్పత్రుల్లో ఆరోగ్యశ్రీ పెట్టారు గానీ అది పెద్ద జబ్బులకి. నా అజీర్తిని ఏ ప్రభుత్వమూ నెత్తినేసుకోలేదు.

నెత్తినేసుకున్నది మా ఆవిడ. మెట్రోవాటర్ లారీ దగ్గర ప్లాస్టిక్ బిందెలతో నీళ్ల కోసం పోట్లాడుతూ తమిళం పట్టేసిన మనిషి. సందు చివర క్లినిక్‌లో నేను "కడుపులో మంట" అన్నాను. రెండే మాటలు. ఆవిడ అయిదు నిమిషాలు చెప్పింది. మధ్యలో "బజ్జీ" అని రెండుసార్లు వినబడింది. డాక్టరుగారు కళ్లద్దాల పైనుంచి నన్నోసారి చూసి, స్టెతస్కోపు పెట్టకుండానే నవ్వాడు. చీటీ చించుతున్న కాంపౌండరు కూడా నవ్వాడు.

"ఏం చెప్పావే?"

"ఉన్నదే చెప్పాను."

డాక్టరుగారన్నది ఒక్క ముక్క. అది తెలుగులోకి వచ్చేసరికి బజ్జీ బంద్, ఆవకాయ బంద్, పది దాటితే సెల్‌ఫోన్ బంద్. "ఒళ్లు కదలాలన్నారు, రేపట్నుంచి నీళ్ల బిందెలు మీరే మొయ్యాలి." నిజంగా అన్నాడో లేదో అడుగుదామంటే, అడిగించాల్సింది ఆవిడ చేతే!

లాభం లేదని, 1782 కరువులో గంజి పోసిన సత్రం నుంచి పెరిగిన స్టాన్లీ ఆస్పత్రికి వెళ్లాం. అంత పెద్దాస్పత్రిలో తెలుగొచ్చిన వాళ్లు ఒక్కరైనా ఉండరా అని నా ఆశ. ఉన్నారు. ఓపీలో డాక్టరమ్మ నా పేరు చూసి, "ఏంటండీ బాధ?" అని చక్కటి తెలుగులో అడిగింది. ప్రాణం లేచొచ్చింది. కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు సవరించుకున్నాను.

"ఈయన చెప్పరు గానీ, నేను చెప్తానమ్మా" అంది మా ఆవిడ.