అధ్యక్షుల వారి సముఖమునకు, పాత సామాను విషయమై

మహారాజశ్రీ అపార్ట్‌మెంట్ నివాసుల సంక్షేమ సంఘం అధ్యక్షుల వారికి,
మియాపూర్, హైదరాబాద్.

మూడో అంతస్తు నివాసి, మెయింటెనెన్స్ ఏనాడూ బాకీ పెట్టనివాడు వ్రాసుకొను బహిరంగ విన్నపము.

విషయం: పాత సామాను, దానితో ముడిపడిన పరువు ప్రతిష్ఠలు.
సూచిక: లిఫ్టు పక్కన తమరు అంటించిన మూడు సర్క్యులర్లు.

అయ్యా,

మొదటి సర్క్యులర్ ప్రకారం పాత సామాన్లు కొనేవాళ్ళకూ, పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్ళకూ గేటు లోపలికి ప్రవేశం లేదు. రెండో దాని ప్రకారం సెల్లార్‌లో పాత సామాను పెట్టినవారికి జరిమానా. మూడోది సంక్రాంతి 'దానోత్సవం'. వాడని వస్తువులు లాబీలోని పెట్టెలో వేసి పేదల ఇళ్ళలో వెలుగు నింపమన్నారు. మూడూ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది: మా ఇంట్లో పాత కుర్చీ ఉంటే దాన్ని అమ్మడం నామోషీ, దాచడం నేరం, దానం చెయ్యడం పుణ్యం. కొనడం గురించి మాత్రం తమరు ఏ సర్క్యులర్‌లోనూ ఒక్క ముక్క రాయలేదు. ఈ విన్నపమంతా ఆ రాయని ముక్క గురించే.

ముందు సెల్లార్ సంగతి. జరిమానా బోర్డు కింద ఏమేం ఉన్నాయో కారు తీసేటప్పుడు తమరూ చూసే ఉంటారు. పిల్లలు ఎదిగిపోగా మిగిలిన మూడు చక్రాల సైకిళ్ళు, ఒక ఉయ్యాల, కొన్నాళ్ళు నడవడానికీ ఆ తర్వాత బట్టలు ఆరేయడానికీ పనికొచ్చిన ట్రెడ్‌మిల్, రెండో బర్నర్ మొరాయించే స్టవ్, దుమ్ము కొట్టుకుపోయిన టేకు టేబుల్. పారేయడానికి మనసొప్పదు, అమ్మడానికి పరువొప్పదు. అమ్మితే 'పాపం, వాళ్ళకేం ఇబ్బందులొచ్చాయో' అని పక్క ఫ్లాటు వాళ్ళు గుసగుసలాడతారు. కొంటే 'ఎవరో పడుకున్న మంచం తెచ్చుకున్నారట' అని ఎదుటి ఫ్లాటు వాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు. అందుకని అందరం కలిసి సెల్లార్‌ను మ్యూజియం చేశాం.

పోనీ మనం పాతవి ముట్టని మడి మనుషులమా అంటే అదీ కాదు. ఈ బ్లాకుల్లో సగం ఫ్లాట్లు రీసేల్‌లో కొన్నవే. ఎవరో ఏళ్ళ తరబడి వండుకున్న వంటింట్లో పాలు పొంగించి గృహప్రవేశం చేసుకున్నాం. కింద నిలబెట్టిన కార్లలో కొన్నిటికి మనం రెండో యజమానులం, కొన్నిటికి మూడో యజమానులం. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేసరికి పాత యజమాని తాలూకు దోషమంతా పోయింది. కోఠిలోనూ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదా కొన్న పాత పుస్తకాలతో పరీక్షలు గట్టెక్కి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు మన కమిటీలోనే ఉన్నారు. ముందు చదివినవాడు గీసిన ఎర్రగీతలు కూడా మనకే కలిసొచ్చాయి. చివరికి జీఎస్టీ చట్టం కూడా పాతదాన్ని చిన్నచూపు చూడలేదు. పాత వస్తువుల వ్యాపారి అమ్మిన ధర మొత్తం మీద కాకుండా, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను కట్టే వీలు అందులో ఉంది. ఇల్లు పాతదైనా సరే, కారు పాతదైనా సరే, బీరువా దగ్గరకొచ్చేసరికి మాత్రం 'ఎవరిదో ఏమో' అంటాం. ఆ బీరువాకీ నాలుగు నిమ్మకాయలు ఖర్చు పెడితే పోలా?

ఇక తమరు గేటు బయట నిలబెట్టించిన స్టీలు సామాన్ల ఆవిడ. వాచ్‌మన్ ఆపేస్తే ఆవిడ రోడ్డు పక్క చెట్టు నీడన గంప దింపింది. నేను పాతబట్టల మూట పట్టుకెళ్ళాను. ప్యాంటు జిప్పును రెండుసార్లు పైకీ కిందికీ లాగి చూసింది. చొక్కా కాలరు మడత విప్పి అరుగుదల చూసింది. చీరను రెండు చేతులా ఎండకెత్తి పట్టి, పోగులు పలచబడ్డ చోట వేలు ఆనించి నాకే చూపించింది. దుప్పటిని ముక్కు దగ్గర పెట్టుకుని పక్కకు తోసేసింది. మూటలో సగం నాకే తిరిగొచ్చింది. మిగతా సగానికి ఒక గిన్నె ఇచ్చి, మూత కావాలంటే జరీ చీర తెమ్మంది. ఇంత చాదస్తం ఎందుకమ్మా అంటే, "తొడుక్కునేటట్టుంటేనే తీస్కుంట సారూ, మళ్ల అమ్ముకునేది నేనే గదా" అంది.

అధ్యక్షా, మొత్తం రహస్యం ఆ ఒక్క మాటలో ఉంది. అమ్ముకోవాల్సిన మనిషి కాబట్టి ఆవిడ చూసి తీసుకుంటుంది. ఆవిడ చూస్తుందని తెలుసు కాబట్టి మనం ఉతికి, గుండీ కుట్టి పట్టుకెళ్తాం. తమరి దానోత్సవం పెట్టెకు కళ్ళు లేవు, ముక్కు లేదు. వేసింది వేసినట్టు మింగేస్తుంది.

2023 మే నెలలో కేంద్రం 'మేరీ లైఫ్, మేరా స్వచ్ఛ్ షెహర్' అంటూ ఊరూరా ఆర్.ఆర్.ఆర్. కేంద్రాలు పెట్టించడం తమకు గుర్తుండే ఉంటుంది. సినిమా కాదు, వాడకం తగ్గించడం, వాడినదాన్ని మళ్ళీ వాడటం, వాడలేనిదాన్ని మరో వస్తువుగా మార్చడం. ఆలోచన బంగారం లాంటిది. మన లాబీలోనూ అలాంటి పెట్టె వెలిసింది. అందులో పడినవాటిని దగ్గరుండి చూసినవాణ్ణి గనక మనవి చేస్తున్నాను: ఒంటి చెప్పు, గ్యాస్కెట్ లేని కుక్కరు, రిమోట్ లేని డీవీడీ ప్లేయర్, మోచేతులు చిరిగిన స్వెట్టర్, డేటు దాటిన దగ్గుమందు. ఏ మహానుభావుడో నిరుటి క్యాలెండర్ కూడా వేశాడు. పేదవాడి ఇంట్లో నిరుడు మళ్ళీ వస్తుందనుకున్నాడో ఏమో! పెట్టె పక్కన తమరు దండతో నిలబడ్డ ఫోటో వాట్సాప్‌లో అందరం చూశాం. పెట్టె చివరికి మున్సిపల్ చెత్త ఆటో ఎక్కడం మాత్రం వాచ్‌మనూ నేనూ చూశాం.

ఇది మన ఒక్క అపార్ట్‌మెంట్ జబ్బు కాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుంచీ పాతబట్టలు లారీల్లో వెళ్ళాయి. మత్స్యకారుల కుటుంబాలు వాటిని ముట్టుకోలేదు. ఇల్లు పోయినంత మాత్రాన ఆత్మాభిమానం పోదు కదా. ఆ మూటలు రోడ్ల పక్కన గుట్టలు పడి ఉండిపోయాయి. అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ నిలబడింది ఈ ఆత్మాభిమానం మీదే. వాళ్ళు బట్టల్ని ఊరికే పంచరు. ఊరివాళ్ళు కలిసి బావి తవ్వుకున్నా, దారి వేసుకున్నా ఆ కష్టానికి ప్రతిఫలంగా బట్టలు ఇస్తారు. తీసుకునేవాడు చెయ్యి చాచనక్కర్లేదు. 2015లో ఆయనకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది.

అమెరికా మాట ఎత్తకపోతే మన అపార్ట్‌మెంట్‌లో ఏ వాదనా నిలవదు గనక అదీ మనవి చేస్తాను. ఎమ్మెస్‌కు వెళ్ళిన మన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో పడుకునేది ఎవరి పరుపు మీద? చదువు ముగించుకుని వెళ్ళిపోతున్న సీనియర్ల పరుపు మీద. కంచాలు, కుక్కరు ఎక్కడివి? వేరే ఊరికి మారుతున్న తెలుగు కుటుంబం పెట్టిన మూవింగ్ సేల్‌లోవి. వీడియో కాల్‌లో ఆ బల్లా కుర్చీ చూసి 'మావాడు ఎంత పొదుపరో' అని మురిసిపోయాం. అదే అబ్బాయి సెలవులకొచ్చి ఎర్రగడ్డ ఆదివారం సంతలో కుర్చీ కొనుక్కొస్తే లిఫ్టులో తలదించుకుంటాం. డాలస్‌లో పొదుపైనది మియాపూర్‌లో దరిద్రమెలా అయిందో కమిటీ పెద్దలు సెలవివ్వాలి.

ఆ దేశంలో గుడ్‌విల్ అని ఒక పాత సంస్థ ఉంది. ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టర్ 1902లో బోస్టన్‌లో మొదలుపెట్టాడు. డబ్బున్న పేటల్లో పాత సామాను సేకరించి, పనిలేని పేదలతో బాగుచేయించి, అమ్మించి, వచ్చిన డబ్బుతో వాళ్ళకే కూలి ఇచ్చాడు. దానమిచ్చినవాళ్ళకు పన్ను మినహాయింపు కావాలన్నా, బట్టలూ ఇంటి సామానూ వాడుకోదగ్గ మంచి స్థితిలో ఉండాలని అక్కడి చట్టం. మన స్టీలు సామాన్ల ఆవిడ జిప్పు లాగి చూసిన పరీక్షే అక్కడి పన్ను శాఖ కాగితం మీద పెట్టింది. తేడా ఏమిటంటే వాళ్ళు దానికి షాపు తెరిచారు, మనం ఆవిడకు గేటు మూశాం.

గేటు మూసిన ఫలితం జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు తెలుసు. ఈ మధ్య మనం కొంటున్న మంచాలు, అల్మారాలు రంపపు పొట్టును జిగురుతో ఒత్తి చేసిన చెక్కవి. ఒకసారి విప్పి మళ్ళీ బిగిస్తే స్క్రూ పట్టు జారుతుంది, రెండోసారికి రంధ్రం పొడిపొడిగా రాలిపోతుంది. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది. వడ్రంగికి దానితో పని లేదు, పొయ్యిలో పెడితే జిగురు కంపు, ఇక చేరేది ఆ యార్డుకే. టేకు మంచమైతే తాత నుంచి మనవడికి వచ్చినా చిత్రికపట్టి మళ్ళీ వాడుకోవచ్చు. పాతది కొనేవాడు ఊళ్ళో ఉంటేనే, మళ్ళీ అమ్ముడుపోయే గట్టి సరుకు కొత్తగా కొనేటప్పుడు కూడా చూసుకుంటాం. కొనేవాడు లేకపోతే కొట్టువాడు ఏది అంటగడితే అదే మన ఖర్మ.

కొనేవాడు లేని ఆ సరుకే ఇక్కడ భోగి మంటలోకి దిగుతోంది. సంఘం నిధులతో కట్టెలు కొని మంట వేశాం, బాగుంది. తెల్లారేలోపు కుర్రాళ్ళు రెక్సిన్ సోఫా, ప్లాస్టిక్ కుర్చీలు కూడా తెచ్చి పడేశారు. ఆ నల్లటి పొగకు పైఅంతస్తుల ముసలివాళ్ళు కిటికీలు మూసుకుని దగ్గుతూ కూర్చున్నారు. 2018లో చెన్నైలో భోగి పొగ మంచుతో కలిసి ఏకంగా విమానాల రాకపోకల్నే దెబ్బతీసింది. చీడను కాల్చమన్నారు పెద్దలు, ఫోమును కాదు.

పాతదంతా కొనమని నేననడం లేదు. పాత హెల్మెట్ వద్దు, ఏ దెబ్బ తిన్నదో తెలియదు. పరుపు కొంటే నల్లుల్ని కూడా కొన్నట్టే. ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది 2010లో; అంతకు ముందుదాన్ని ఊరికే ఇచ్చినా కరెంటు బిల్లులో ధర వసూలు చేసుకుంటుంది. పని చెయ్యని టీవీలు, కంప్యూటర్లు దానపు పెట్టెకూ వద్దు, తోపుడుబండికీ వద్దు. రిజిస్టరయిన రీసైక్లర్‌కు అప్పజెప్పాలని ఈ-వ్యర్థాల నియమాలే చెబుతున్నాయి. మిగతావి ప్లగ్గులో పెట్టి, తిప్పి, కుదిపి చూసి కొనడమే. ఎర్రగడ్డలో మిక్సీ కొనేవాడు దాన్ని తిప్పించి చూడందే జేబులో చెయ్యి పెట్టడు. గురువారం పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లోనూ అదే పద్ధతి.

కావున అయ్యా, తమరిని కోరుకునేది ఇది. నెలకో ఆదివారం కమ్యూనిటీ హాలును పాత సామాను సంతకు వదలండి. కిట్టీ పార్టీలకు ఇస్తున్నారు, దీనికీ ఇవ్వండి. ప్రతి వస్తువు మీదా ధర రాసిన చీటీ ఉండాలి, ఉచితం అనే మాట నిషేధించాలి. మన ఇళ్ళలో పనిచేసే అమ్మాయిలకూ, వాచ్‌మన్ కుటుంబానికీ మనతో సమానంగా బేరమాడి కొనుక్కునే హక్కు ఉండాలి. స్టీలు సామాన్ల ఆవిడకు గేటు పాసు ఇప్పించండి. వీలైతే దానోత్సవం పెట్టె పక్కన ఆవిడనే ఇన్‌స్పెక్టరుగా కూర్చోబెట్టండి, సగం పెట్టె అక్కడికక్కడే మన ఇళ్ళకు తిరిగొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి సంతలో మొదటి బేరం తమరి చేతుల మీదుగా జరగాలి. రిబ్బన్ కత్తిరించడం కాదు, డబ్బిచ్చి కొనాలి. తమరు కొన్న మర్నాటి నుంచి ఈ అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ నామోషీ ఉండదు.

కమిటీ గదికి కొత్త టేబుల్ కోసం కొటేషన్లు పిలుస్తున్నట్టు నోటీసు బోర్డులో చూశాను. సెల్లార్‌లో ఉన్న ఆ టేకు టేబుల్ నాదే. కాళ్ళు నాలుగూ గట్టిగా ఉన్నాయి, సొరుగు ఒక్కటి కాస్త బిగుసుకుంది, కొవ్వొత్తి రుద్దితే జారుతుంది. తమరు స్వయంగా దిగి కుదిపి చూసుకోవచ్చు. ధర దగ్గర ఒకటి రెండు వందలు తగ్గడానికి నాకు అభ్యంతరం లేదు. దానంగా మాత్రం ఇవ్వను.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడో అంతస్తు నివాసి (రీసేల్)