పెట్టె లేని బేస్

ఈమధ్య ఏ సినిమా పాటల ప్రోగ్రాంకి వెళ్లినా బేస్ గిటార్ వాయించే కుర్రాడి వెనక బోసిగానే ఉంటోంది. ఆంప్ లేదు, బాక్సు లేదు. గిటార్ లైను తిన్నగా మిక్సర్‌కి పోతుంది. వాడి చెవుల్లో రెండు ఇయర్ మానిటర్లు, నడుముకో డబ్బా. స్టేజీ నిశ్శబ్దంగా ఉండాలట!

మా రోజుల్లో ఆంప్ మోయడమే సగం కచేరీ. ఆంపెగ్ వాళ్లు 1969లో తెచ్చిన ఎస్‌వీటీ 300 వాట్లు, దాని బాక్సులో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది. అంతటిది మా ఆర్కెస్ట్రాలకి ఎక్కడిది? పదిహేను అంగుళాల స్పీకరొకటి బిగించి వడ్రంగితో చేయించిన పెట్టె మాది. ఇద్దరం చెరోవైపు పట్టి వ్యాను ఎక్కించేసరికి నడుములు పడిపోయేవి. అయితేనేం, ఇ తీగ మీద వేలు పడగానే చెక్క స్టేజీ అదిరి, ఆ నాదం పాదాల్లోంచి మోకాళ్లకి ఎక్కేది. ఆ తీగ పలికేది సెకనుకు 41 కంపనాలు, ఒక్కో అల పొడవు 8 మీటర్ల పైమాటే. చెవిలో దూర్చుకున్న మానిటర్‌లో అది వినపడుతుంది, ఒంటికి తగలదు. పైగా ఆ బుడిపె సందు లేకుండా చెవిలో అతుక్కోవాలి. కోరస్‌కి నోరు తెరిచినప్పుడు దవడ కదిలి కాస్త గాలి చొరబడిందా, ముందుగా మాయమయ్యేది బేసే.

నాకు అసలు బాధ డ్రమ్మర్ విషయంలో. మా ఇద్దరికీ మధ్య వైర్లుండేవి కావు. వాడి కిక్ నా పిక్కలకి తగిలేది, నా తీగ వాడి స్టూలు కింద మోగేది. గాయకుడు చరణం చివర కాస్త సాగదీస్తే ఇద్దరం ఒకేసారి ఆగేవాళ్లం. ఇప్పుడు చెవిలో లయ చూపే క్లిక్ కొడుతూనే ఉంటుంది, గాయకుడి ఊపిరితో దానికి పనిలేదు. ఇళయరాజా పాటల్లో బేస్ అంటే దాదాపు రెండో గొంతు. అలాంటి పాటని గడియారానికి కట్టేసి వాయిస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ మానిటర్లతో చెవులు పాడవవంటారు. సౌండ్ తగ్గించి పెట్టుకుంటే నిజమే, సింబల్స్ పక్కన నిలబడి జీవితాంతం చెవుల్లో హోరు మిగుల్చుకున్నవాళ్లు మా తరంలో ఉన్నారు. పాడేవాళ్లకి శ్రుతి స్పష్టంగా వినపడుతుంది, అదీ ఒప్పుకుంటాను.

కుర్రాళ్లూ, స్టేజీ మీద ఆంప్ వద్దంటే సరే. రిహార్సల్‌లోనైనా మానిటర్లు చెవుల్లోంచి తీసి, చిన్న ఆంపైనా సరే డ్రమ్మర్ పక్కన పెట్టుకుని వాయించండి. కిక్కూ మీ తీగా ఎక్కడ విడిపోతున్నాయో రెండో పాటకే తెలిసిపోతుంది.