దొరగారు ఓడలేదట!

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడింది. కైజర్ కిరీటం వదిలి హాలండుకు పారిపోయాడు. నావికులు తిరగబడ్డారు. సైన్యం చాప చుట్టేసింది. కానీ ఒకే ఒక్క దొరగారు మాత్రం ఓడలేదట. పేరు పాల్ ఫాన్ లెట్టో-ఫోర్బెక్. కొలువు, జర్మన్ తూర్పు ఆఫ్రికాలో వలస సైన్యానికి సేనాని. అంటే నేటి టాంజానియా ప్రధాన భూభాగం, రువాండా, బురుండి. 1918 నవంబరు 11న యూరప్‌లో యుద్ధం ముగిసింది. ఈయన నవంబరు 13న కసామా అనే ఊళ్లోకి దర్జాగా అడుగుపెట్టాడు. కబురింకా అందలేదు మరి! నవంబరు 25న, నేటి జాంబియాలోని అబర్‌కార్న్‌లో ఆయుధాలు దించాడు. అంతే, ‘రణరంగంలో ఓటమి ఎరుగని వీరుడు’ తయారయ్యాడు.

ఓడలేదు, సరే. మరి గెలిచిందేమిటి? ఎవరి మీద? ఎవరి ఖర్చుతో?

ఇలాంటి వీరగాథలు విని విని మీకూ చెవులు చిల్లులు పడే ఉంటాయి. గుర్రం. మీసం. పతకం. అడవిలో అద్భుత సాహసం. శత్రువు కూడా మెచ్చుకున్న పెద్దమనిషి. అన్నీ ఉంటాయి. మూటలు మోసిన వాళ్లు ఉండరు.

దొరవారి ఆఫ్రికా చదువు ఎక్కడ మొదలైందో చూడండి. 1904. జర్మన్ నైరుతి ఆఫ్రికా, నేటి నమీబియా. అక్కడ హెరెరో జాతివాళ్లు తిరగబడ్డారు. అణచడానికి జనరల్ లోథార్ ఫాన్ ట్రోథా దిగాడు. ఆయనకు సహాయాధికారి ఎవరు? మన లెట్టో-ఫోర్బెక్కే. ఆగస్టులో వాటర్‌బర్గ్ యుద్ధం. ఓడిన జనాన్ని పిల్లాజెల్లాతో సహా ఒమహెకె ఎడారిలోకి తరిమారు. నీళ్లున్న చోట్లకు కాపలా పెట్టారు. అక్టోబరు 2న ట్రోథా ఒక ప్రకటన చేశాడు. జర్మన్ సరిహద్దులో కనిపించిన ప్రతి హెరెరోనూ కాల్చేస్తామన్నాడు. చేతిలో తుపాకీ ఉన్నా, లేకపోయినా. ఆడవాళ్లను, పిల్లల్ని కాల్చైనా కాలుస్తారట, లేదా మళ్లీ తమ వాళ్ల దగ్గరికే తరుముతారట. అంటే ఎక్కడికి? ఎడారిలోకే. ఎంత దయ! దాదాపు 80 వేల మంది హెరెరోల్లో 65 వేల మంది దాకా పోయారని చరిత్రకారుల అంచనా. అక్కడే ఉన్న మరో జాతి నామాలు, 20 వేల మందిలో సగం మంది.

నామాలతో పోరులో 1906లో దొరగారి కంటికి దెబ్బ తగిలింది. వీరగాథల్లో ఈ కన్ను గురించి పేరాలకు పేరాలు ఉంటాయి. రెండు కళ్లూ బాగున్నప్పుడు చూసినదాని గురించి? ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలోనూ ట్రోథాను వెనకేసుకొచ్చాడు.

ఇక తూర్పు ఆఫ్రికా. ఆ నేల జర్మనీకి ఎలా దక్కింది? 1884–85లో బెర్లిన్‌లో పెద్ద సమావేశం జరిగింది. యూరప్ దేశాలు, అమెరికా, టర్కీ కూర్చున్నాయి. ఆఫ్రికా వాళ్లకు కుర్చీ లేదు. దొంగలు దొంగలు ఊళ్లు పంచుకున్నట్టు పంచుకోవడానికి నియమాలు రాసుకున్నారు. కాగితం మీద మాత్రం ఎంత తియ్యటి మాటలో! స్థానిక జాతులను కాపాడతామన్నారు. వాళ్ల బతుకులు బాగు చేస్తామన్నారు. యూరప్‌లో మనం మనం కొట్టుకున్నా ఈ ప్రాంతాన్ని తటస్థంగా ఉంచుకోవచ్చన్నారు. బాగు ఎలా చేశారంటే, 1905లో తూర్పు ఆఫ్రికా దక్షిణాన జనం మజీ మజీ పేరుతో తిరగబడ్డారు. జర్మన్ సైన్యం పంటలు తగలబెట్టింది, ధాన్యపు గాదెలు ఖాళీ చేసింది. కరువే ఆయుధం. లక్షల్లో చనిపోయారు.

1914 వచ్చింది. జనవరిలో మన దొరగారు అక్కడికి సేనానిగా వచ్చాడు. ఆగస్టులో యుద్ధం. గవర్నర్ హైన్‌రిష్ ష్నే ఆ పాత కాగితం బయటికి తీసి, మనకెందుకీ గొడవ, తటస్థంగా ఉందామన్నాడు. బ్రిటిష్ వాళ్లు ఆగలేదు. మన దొరగారు అంతకన్నా ఆగలేదు. ఆయన లెక్క వేరు. ఇక్కడ ఎంత ఎక్కువ గొడవ చేస్తే అంత ఎక్కువ బ్రిటిష్ సైన్యం ఇక్కడే ఇరుక్కుపోతుంది, ఫ్రాన్స్‌లో జర్మనీకి ఊపిరాడుతుంది. అంటే ఆఫ్రికాలో ఊళ్లు కాలాలి, యూరప్‌లో కందకాలు కాస్త తేలికపడాలి. తేలికపడ్డాయా? ఆయన వెంట పడిన వాళ్లలో ఎక్కువమంది భారతీయులు, దక్షిణాఫ్రికా వాళ్లు, ఆఫ్రికన్లు. వీళ్లలో ఎందరు ఫ్రాన్స్ వెళ్లేవాళ్లంటారు? పోనీ, ఊళ్లు మాత్రం బాగానే కాలాయి.

మొదటి పెద్ద విజయం టాంగా రేవు దగ్గర. 1914 నవంబరు మొదటి వారం. ఇక్కడ మనకూ ఒక ముడి ఉంది. దిగిన దళం భారత్ నుంచి వెళ్లింది. దాదాపు 8 వేల మంది. అందులో మద్రాసు ప్రెసిడెన్సీ దళాలు రెండున్నాయి, 61వ పయనీర్లు, 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫాంట్రీ. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీవే. వారాల తరబడి ఓడల్లో కుక్కి, వాంతులతో నీరసపడ్డ మనుషుల్ని తెచ్చి, ముందే ‘మేం వస్తున్నాం’ అని నౌకాదళం జర్మన్లకు కబురు చెప్పాక కూడా దించిన ఘనుడు జనరల్ ఐట్‌కెన్. చాలామంది చేతుల్లో కొత్త తుపాకులు, అలవాటు కూడా కాలేదు. ఎదురుగా వెయ్యి మందికి అటూ ఇటుగా జర్మన్ పక్షం. బ్రిటిష్ వైపు 300 పైచిలుకు చనిపోయారు. మిగతా వాళ్లు మర తుపాకులు, లక్షల కొద్దీ తూటాలు ఒడ్డున వదిలేసి ఓడలెక్కారు. మధ్యలో తేనెటీగలు లేచి కుట్టాయి. జర్మన్లే కావాలని ఈగల్ని ఉసిగొల్పారని బ్రిటిష్ ప్రచారం అల్లింది! తప్పెవరిది? ఈగలది. కాకపోతే భారతీయ సిపాయిలది. దొరలది మాత్రం కాదు, ఎప్పుడూ కాదు.

ఆ తర్వాత నాలుగేళ్ల పరుగు. కిలిమంజారో నుంచి మొజాంబిక్ దాకా, అక్కడి నుంచి మళ్లీ పైకి. దీన్ని గెరిల్లా యుద్ధమని సైనిక పాఠశాలల్లో నోరూరించుకుంటూ చెబుతారు. ఆ అడవుల్లో రోడ్డు లేదు. త్సెత్సె ఈగ గుర్రాన్ని, ఎద్దును బతకనివ్వదు. మరి తూటాలు, మందులు, పిండి, మర తుపాకులు, దొరవారి మడత మంచం ఎలా కదిలాయి? మనిషి నెత్తి మీద. ఒక్కో నెత్తి మీద పాతిక, ముప్పై కిలోలు. ఊళ్ల మీద పడి మగవాళ్లను ఈడ్చుకొచ్చారు. చివరి రోజుల్లో జీతమా, బత్తెమా, కాగితమా? వెట్టి. తెలంగాణ పల్లెల్లో దొరల గడీల ముందు నిలబడిన తాతల మనవలకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

బ్రిటిష్ వాళ్లేమైనా తక్కువ తిన్నారా? వాళ్ల పక్షాన మోతకు తోలిన వాళ్లు దాదాపు 10 లక్షల మంది. చచ్చిపోయినట్టు రాసుకున్నవాళ్లే 95 వేల పైన. తూటాలకు కాదు. విరేచనాలకు, మలేరియాకు, ఆకలికి. తినలేని పిండి పెట్టి నడిపిస్తే పేగులు చితికి చచ్చారు. ఈ చావులు పెద్ద గొడవ కాలేదెందుకయ్యా అంటే, చచ్చింది నల్ల కూలీలు, వాళ్లనెవరు పట్టించుకుంటారని వలస కార్యాలయం ఉద్యోగి ఒకడు ఫైల్లోనే రాసి పెట్టాడు. నిజాయితీపరుడు! జర్మన్ పక్షం ఇంకా శుభ్రం. లెక్కే రాయలేదు. అబర్‌కార్న్‌లో లొంగిపోయినప్పుడు లెక్క చూడండి: జర్మన్లు 155, అస్కారీలనే ఆఫ్రికన్ సిపాయిలు 1,168. ఒక్క తల తేడా రాకుండా ఉంది. దారిలో రాలిపోయిన కూలీలు ఎందరు? ఏ పుస్తకంలో?

మోసిన వాళ్ల సంగతి అది. మోయకుండా ఇంట్లో కూర్చున్న వాళ్ల సంగతి? సైన్యానికి తిండి కావాలి కదా. ఊళ్లో ఉన్న ధాన్యం తీసుకున్నారు. పశువులను తోలుకుపోయారు. వెనక వచ్చేవాడికి ఏమీ మిగలకూడదని మిగిలింది తగలబెట్టారు. వెనక వచ్చిన వాడు, అంటే బ్రిటిష్ వాడు, బూడిదలో వెతికి ఇంకేమైనా ఉందేమోనని అదీ లాక్కున్నాడు. మధ్య టాంజానియాలో ఉగోగో అనే ప్రాంతం ఉంది. రెండు సైన్యాలూ దాని మీదుగా నడిచాయి. తర్వాత వాన ముఖం చాటేసింది. 1917 నుంచి 1920 దాకా కరువు. లక్షన్నర జనంలో దాదాపు 30 వేల మంది చచ్చిపోయారు. దొరవారి సైన్యంతో నడిచిన డాక్టర్ లుడ్విగ్ డెప్పె అనే జర్మనే సిగ్గుపడి రాసుకున్నాడు, మా వెనక పాడైన పొలాలు, దోచిన గాదెలు, రాబోయే ఆకలి మిగిల్చి పోతున్నామని. దొరవారికి అలాంటి సందేహాలేమీ రాలేదు. 1916లో పతకం వచ్చింది.

1919 మార్చి. బెర్లిన్‌లో బ్రాండెన్‌బుర్గ్ ద్వారం కింద నుంచి గుర్రం మీద ఊరేగింపు. పూలు. హుర్రాలు. వెనక వంద మంది పైచిలుకు జర్మన్ అధికారులు. నమ్మకానికి మారుపేరని ఉపన్యాసాల్లో పొగిడిన అస్కారీలు ఎక్కడ? లొంగిపోయాక ఆఫ్రికాలోనే టబోరా శిబిరంలో పెట్టారు. జీతం బకాయి. కొందరికి ఫ్లూ. ఊరేగింపులో చోటు చాలలేదు కాబోలు.

వీరులకు విశ్రాంతి ఉండదు. అదే ఏడాది హాంబుర్గ్‌లో ఓ కార్ఖానా వాడు కుళ్లిన మాంసం కలిపి అమ్ముతున్నాడని బయటపడింది. ఆకలితో ఉన్న జనం వాణ్ని పట్టుకుని నదిలో పారేశారు. ప్రభుత్వం ఎవరి మీదికి సైన్యాన్ని పంపింది? కుళ్లు మాంసం అమ్మినవాడి మీదికా? మీరే చెప్పండి. జూలై 1న నగరంలోకి దిగిన సేనాని మన వీరుడే. ఆఫ్రికాలో ఆకలి పుట్టించాడు, ఇంటికొచ్చి ఆకలిని అదుపు చేశాడు. మరుసటేడు ఎన్నికైన ప్రభుత్వాన్నే కూలదోయాలని కాప్ కుట్ర జరిగితే కుట్రదారుల పక్షం నిలిచాడు. ఉద్యోగం పోయింది. జైలుకు మాత్రం పోలేదు. 1928లో ఏ ప్రజాస్వామ్యాన్ని పడగొట్టాలనుకున్నాడో ఆ పార్లమెంటుకే సభ్యుడయ్యాడు. అబ్బో, ఈ విద్య ఎక్కడో చూసినట్టుంది కదూ?

1929లో లండన్‌లో విందు. పాత శత్రువులే పిలిచారు. దక్షిణాఫ్రికా జనరల్ స్మట్స్, బ్రిటిష్ గూఢచారి మైనర్ట్‌జాగన్, మన దొరవారు. కలిసి తాగారు. (ఈ మైనర్ట్‌జాగన్ మ్యూజియంలోంచి చచ్చిన పిట్టల్ని కూడా కొట్టేసి కొత్త చీటీలు అంటించి తనవిగా చూపించాడని తర్వాత తేలింది. అంతటి పెద్దమనిషి ఇచ్చిన యోగ్యతాపత్రం మరి!) రెండో యుద్ధం తర్వాత దొరవారు చితికిపోతే ఈ మిత్రులే తిండి పొట్లాలు పంపారు. శత్రువులు ఇంత మర్యాదగా ఉంటే ఎంత ముచ్చట! ఉగోగోకు ఎవరైనా పొట్లం పంపారా?

నాజీల కాలంలో ఆయన పేరుతో బ్యారక్స్ వెలిశాయి. హాంబుర్గ్ బ్యారక్స్‌లో అస్కారీల శిల్పాలు కూడా పెట్టారు. ఊరేగింపులో చోటు లేకపోయినా గోడ మీద ఉంది. నాజీలు పోయారు, పేరు పోలేదు. ప్రజాస్వామ్య జర్మనీ సైన్యం కూడా దశాబ్దాల పాటు ఆయన పేరున్న బ్యారక్స్‌లో నిక్షేపంగా నిద్రపోయింది. హిట్లర్ ఇవ్వజూపిన రాయబారి పదవి వద్దన్నాడట, అందుకని మంచివాడట! 1939లో హిట్లర్ ప్రభుత్వం ఇచ్చిన గౌరవ జనరల్ హోదా మాత్రం వద్దనలేదు.

1964 మార్చిలో, 94 ఏళ్లకు పదకొండు రోజుల తక్కువలో, మంచం మీద పోయాడు. చచ్చినోడి కళ్లు చారెడు. పశ్చిమ జర్మనీ రక్షణ మంత్రే వచ్చి శ్రద్ధాంజలి చదివాడు. ఇద్దరు ముసలి అస్కారీలను విమానంలో రప్పించి నిలబెట్టారు. ఆ ఏడే పార్లమెంటుకు హఠాత్తుగా గుర్తొచ్చింది, అస్కారీలకు జీతం బాకీ ఉందని. 46 ఏళ్ల తర్వాత! విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న మ్వాంజాలో డబ్బు పంచారు. ముసలివాళ్లకు కాగితాల్లేవు. అప్పుడు బ్యాంకు వాడు చీపురు చేతికిచ్చి జర్మన్‌లో కవాతు ఆజ్ఞలు అరిచాడని, ఒక్కరూ తప్పలేదని కథగా చెప్పుకుంటారు. దీన్ని చెప్పి కళ్లొత్తుకునే వాళ్లున్నారు. డెబ్బై దాటిన ముసలాడు తన సొంత జీతం కోసం చీపురు భుజాన వేసి నిలబడాలా? కళ్లొత్తుకోవలసింది ఎందుకు?

సిపాయికి చీపురు పరీక్ష అయినా ఉంది. కూలీకి? మూట మోసినట్టు రుజువేమిటి, మెడ వంగి ఉండటమా?

యుద్ధానికి ముందు, 1909 నుంచి 1913 దాకా, అదే తూర్పు ఆఫ్రికాలో టెండగూరు కొండ దగ్గర జర్మన్లు రాక్షసబల్లుల ఎముకలు తవ్వారు. 200 టన్నుల పైనే. అవి లిండీ రేవుకు చేరిందీ నెత్తుల మీదే, రోజుల తరబడి నడకతో. ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో నిలబెట్టారు. పిల్లలు నోరెళ్లబెట్టి చూస్తారు. ఆ తవ్వకాల్లో దొరికిన ఒక బల్లికి 1919లో శాస్త్రీయ నామం పెట్టారు, డైసలోటోసారస్ లెట్టోఫోర్బెకి. ఎముక మోసినవాడి పేరు కాదు, తవ్వినవాడి పేరూ కాదు. ఆ తవ్వకాలు ముగిశాక వచ్చిన సేనాని పేరు!

2021లో జర్మనీ హెరెరోల, నామాల మారణకాండను జాతిహత్యగా ఒప్పుకుంది. 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. పరిహారం అనకండి, బాధను గుర్తించే సూచన అనండి అని షరతు. 2023లో జర్మన్ అధ్యక్షుడు స్టైన్‌మైయర్ టాంజానియాలోని సొంగియా వెళ్లి మజీ మజీకి క్షమాపణ కోరాడు. బాగుంది. మరి 1914 నుంచి 1918 దాకా మోసిన వాళ్ల సంగతి?   దార్ ఎస్ సలాంలో బ్రిటిష్ వాళ్లు మోత కూలీలను ఉంచిన చోట ఇప్పుడు కరియాకో బజారుంది. క్షమాపణ చెప్పేవాడెవడైనా వెళ్లాలనుకుంటే అడ్రసు దొరక్కపోవడమంటూ ఉండదు. పొద్దున్నే వెళ్లమనండి. తర్వాతైతే రద్దీ. బియ్యం బస్తాలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు పక్కకు జరగమని అరుస్తారు.