సాంచాల దగ్గర సక్సెస్ సూత్రాలు

విజయానికి సమయపాలన, ఏకాగ్రత, ఒకేసారి పది పనులు చక్కబెట్టే నేర్పు కావాలని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెబుతాయి. ఠాణే జిల్లా భివండీలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడికి ఇవన్నీ ఉన్నాయి. షిఫ్టు 12 గంటలు. ఒక్కడే అరడజను మరమగ్గాలను కనిపెట్టుకోవాలి. నాడెలో కండె అయిపోతే మార్చాలి, పడుగు పోగు తెగితే చిటికెలో ముడెయ్యాలి. చెవులు చిల్లులు పడే ఆ మోతలో మౌనవ్రతం ఎటూ తప్పదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందటే వలసవచ్చిన పద్మశాలీలు ఈ విద్యకు ఏ శిక్షణ తరగతిలోనూ ఫీజు కట్టలేదు. కూలి మాత్రం మీటర్ల లెక్కన. కరెంటు పోతే గుడ్డ సాగదు, గుడ్డ సాగకపోతే కూలి లేదు. కరెంటుకు సమయపాలన నేర్పే అధ్యాయం ఆ పుస్తకాల్లో ఇంకా అచ్చుకాలేదు.