గిగాహెర్ట్జ్ అన్న

కరీంనగర్ మంకమ్మతోటలోనో, గోదావరిఖని క్వార్టర్లలోనో, ఆదిలాబాద్‌లో ఏ గల్లీ చివరనో గిగాహెర్ట్జ్ అన్న ఒకడు తప్పక ఉంటాడు. ఎండకాలంలో అతని ఇల్లు పట్టుకోవడం తేలిక. ఇంట్లో ఉన్న ఒక్క కూలర్ ముందు మనుషులు కాక ఒక నల్ల డబ్బా కూర్చుని ఉంటుంది. దానికి ఒక పక్క తలుపు ఉండదు. విప్పిన నాటి నుంచి ఆ తలుపు మంచం కిందే ఉంది. ఆ డబ్బాను పొరపాటున కూడా ‘సీపీయూ’ అనకండి. ‘‘సీపీయూ అంటే లోపలున్న చిప్పే. గిది క్యాబినెట్’’ అని మొదలుపెడతాడు. తర్వాత చాయ్ వస్తుంది. పాఠం అయ్యేసరికి అది చల్లారి ఉంటుంది.

పాఠం ఇది. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్. దాన్ని 47తో గుణిస్తే 4.7 గిగాహెర్ట్జ్. ఆ 47ను చూస్తే అన్నకు కడుపు తరుక్కుపోతుంది. బయోస్‌లోకి వెళ్లి 50 చేస్తాడు. చేయడానికి ఒక్క నిమిషం, చేసినదాన్ని నిలబెట్టడానికి యవ్వనమంతా. 1998లో 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఏ చిప్ ఒక్క ఊపులో 450కి ఎక్కిన ముచ్చట కళ్లారా చూసినట్టే చెబుతాడు. అప్పటికి అతను పుట్టలేదు.

పెంచిన వేగానికి చిప్ మొండికేస్తే వోల్టేజీ పెంచాలి. 1.25 వోల్టులను 1.35 చేస్తే వేడి అదే లెక్కన పెరగదు, వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 4.7 నుంచి 5.0కు పోతే వేగం 6 శాతం హెచ్చుతుంది, చిప్ తినే కరెంటు దాదాపు 24 శాతం హెచ్చుతుంది. ఈ లెక్క అన్న అందరికీ చెబుతాడు, ఒక్క బాపుకు తప్ప.

బాపు రామగుండం ఎన్టీపీసీలో పనిచేసి రిటైరయిన మనిషి. 2,600 మెగావాట్ల ప్లాంటు అది. దేశం గ్రిడ్ మొత్తం 50 హెర్ట్జ్ మీద నడవాలి, 49.90 కన్నా దిగొద్దు, 50.05 దాటొద్దు అని నిబంధన. కరెంటు బిల్లు వచ్చిన రోజు ఆయన నోరు విప్పుతాడు. ‘‘జిందగంత ఆ ముల్లు యాభై మీదికెల్లి కదలకుండ సూసినందుకు మాకు జీతమిచ్చిన్రు కొడుకా. నువ్వు యాభైని యాభై ఒకటి చేస్తనని బిల్లు నాతోని కట్టిపిస్తున్నవ్.’’

నీలి తెర పడ్డప్పుడు మనబోటి వాళ్లకు గుండె జారుతుంది. అన్నకు మాత్రం హుషారొస్తుంది. కింది అక్షరాలు చదివి నాడి పట్టిన వైద్యుడిలా కళ్లు మూసుకుంటాడు. ‘క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్’ అంటే ఒక కోరు వేళకు పలకలేదు, వోల్టేజీ చాలలేదేమో. ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అంటే ర్యాము మీద అనుమానం. రాత్రంతా మెమ్‌టెస్ట్ తిరగాల్సిందే. ‘వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ అంటే హార్డ్‌వేర్‌లో ఎక్కడో తేడా కొట్టింది. ఎక్కడో తెలియదు కాబట్టి అదే ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన ఎర్రర్. తెరే రాకుంటే మదర్‌బోర్డు మీది గుండు బిళ్ల బ్యాటరీ పీకి, కాసేపాగి మళ్లీ పెడతాడు. బయోస్ అంతా మరిచిపోతుంది. అన్న ఏదీ మరవడు. కిరాణా కొట్టు ఖాతాలా పొడుగాటి నోట్‌బుక్కు ఒకటి ఉంది, అందులో వోల్టులు, డిగ్రీలు, తేదీలు.

ఆ నోట్‌బుక్కు మొదటి పేజీలో ఎర్ర సిరాతో సూత్రం: ‘ఒకసారి ఒక్కటే మార్చాలె’. సాయంత్రం ఆరింటికి దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాడు. అర్ధరాత్రికి గుణకం, వోల్టేజీ, ర్యాము స్పీడు మూడూ కలిపి మారుస్తాడు. మెషిన్ నిలబడితే ఏది నిలబెట్టిందో తెలియదు, పడితే ఏది పడేసిందో తెలియదు. అప్పుడు అనుమానితులను బయటి నుంచి రప్పిస్తాడు. గల్లీ ట్రాన్స్‌ఫార్మర్, పక్కింటి బోరు మోటారు, గ్రానైట్ లారీలు లేపిన దుమ్ము అన్నీ బోనెక్కుతాయి. బోనెక్కనిది ఒక్కటే, ఆ 50.

పరీక్షకు ప్రైమ్95 పెడతాడు. 1996లో మొదలైన ప్రాజెక్టులో భాగంగా ప్రపంచమంతా మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతికే ప్రోగ్రాం అది. అన్న ఎన్నో రాత్రులు దాన్ని నడిపాడు, ఒక్క ప్రధాన సంఖ్యనూ వెతకలేదు. ఆయనకు కావలసింది చిప్ లెక్క తప్పిందా లేదా అన్నదే. ‘రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 లోపు ఉండాలి’ అని అది ఆగిపోతే పొద్దున ఇంట్లో ఎవరూ పలకరించకూడదు.

అసలు విచిత్రం ఏమిటంటే, రాత్రంతా ప్రైమ్95ను మోసిన మెషిన్ పొద్దున బాపు పహాణీ ప్రింటు తీయమంటే గుడ్లు తేలేస్తుంది. దీనికీ కారణముంది. బరువు మీద ఉన్నప్పుడు వోల్టేజీ నిండుగా ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు చిప్ దాన్ని దించుకుంటుంది, దించుకుని ఎక్కే సందులో జారిపడుతుంది. అన్న ఈ సంగతి విడమరిచి చెబుతుండగానే చెల్లె తన ఫోన్లో పహాణీ తెరిచి, చౌరస్తాలో ప్రింటు తెచ్చి బాపు చేతిలో పెట్టేసింది.

జనవరిలో అన్న క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి, జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ మేనమామ ఇంటికి బస్సెక్కిస్తాడు. అక్కడ తెల్లవారుజామున చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. అత్తమ్మ కిటికీలు మూస్తుంది, ఈయన తెరుస్తాడు. 5.0 గిగాహెర్ట్జ్ మీద మెషిన్ నిక్కచ్చిగా నిలబడుతుంది, చిప్ 78 డిగ్రీలు దాటదు. ‘‘సూసినవా మామా, స్టేబుల్!’’ మామ శాలువా బిగించుకుని తలూపుతాడు. మే వస్తుంది. రామగుండంలో ఎండ 45 దాటుతుంది. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్ ఇంచుమించు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. 100 తాకగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. బాపు ఏడాదంతా చెప్పినా దిగని వేగాన్ని ఎండ ఒక్క పూటలో దింపుతుంది.

2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు ఓవర్‌క్లాక్ జోలికి పోని వాళ్ల దగ్గర కూడా కూలిపోయాయి. చిప్ అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని కంపెనీ ఒప్పుకుంది, ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అన్న ఆ వారమంతా కాలరెగరేసి తిరిగాడు. ‘‘కంపెనోళ్లు చేస్తే తప్పు లేదు, నేను చేస్తే పిచ్చోడినా?’’

ఇంతా చేసి అన్న చెయ్యి మంచిది. పెళ్లిళ్ల సీజన్లో పెద్దపల్లి ఫొటో స్టూడియో కంప్యూటర్ ఆల్బం మధ్యలో పదే పదే ఆగిపోతే అన్నకే కబురు. అక్కడ ఆయన వేరే మనిషి. దుమ్ము ఊదాడు, ఎండిన పేస్టు గీకి కొత్తది రాశాడు, ర్యాము వేగం పెంచడానికి ఎవరో పెట్టిన ఎక్స్‌ఎంపీ తీసేశాడు, బయోస్‌లో ‘లోడ్ డిఫాల్ట్స్’ నొక్కాడు. మెషిన్ మళ్లీ ఆగలేదు.

స్టూడియో ఓనరు చాయ్ తాగించి అడిగాడు, ‘‘ఇంత అల్కగ అయితదంటే, నీ దానికి సుత గిదే చెయ్యరాదే?’’

‘‘చేస్తే మంచిగనే నడుస్తదన్నా’’ అన్నాడు గిగాహెర్ట్జ్ అన్న. ‘‘మరి రాత్రిపూట నేనేం చెయ్యాలె?’’